ఉత్తరాంధ్ర నదులు: చిన్న ఏరులు, పెద్ద చరిత్ర

విశాఖ నుంచి ఇచ్ఛాపురం వెళ్ళే బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుని వంతెనలు లెక్కపెట్టడం నాకు చిన్ననాటి అలవాటు. తగరపువలసలో గోస్తని, నాతవలసలో చంపావతి, శ్రీకాకుళంలో నాగావళి, మడపాం వద్ద వంశధార, ఆపైన మహేంద్రతనయ, చివరికి ఇచ్ఛాపురంలో బాహుదా. ఇన్ని నదులున్న సీమ నుంచి జనం పొట్ట చేతబట్టుకుని వలస ఎందుకు పోతున్నారన్న ప్రశ్న మాత్రం పెద్దయ్యాకే కలిగింది.

తెలుగువాళ్ళం నదులనగానే గోదావరి, కృష్ణలనే తలుస్తాం. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. వంశధార, నాగావళి ఒక్కొక్కటీ సుమారు 250 కిలోమీటర్లు. గోస్తని, చంపావతి ఇంకా చిన్నవి. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రానికి చేరువగా నిలిచాయి. కొండమీద కురిసిన వాన గెడ్డలలోకి, గెడ్డల నుంచి నదిలోకి, నది నుంచి కడలిలోకి త్వరత్వరగా జారిపోతుంది. అందుకే గోదావరికి ఉన్నంతటి విశాలమైన డెల్టా ఇక్కడ ఏర్పడలేదు. దానికి బదులు ప్రతి నదికీ తనదైన ఒక లోయ, సాగరసంగమం వద్ద ఒక రేవు ఏర్పడ్డాయి. గోస్తనికి భీమునిపట్నం, చంపావతికి కోనాడ, వంశధారకు కళింగపట్నం, మహేంద్రతనయకు బారువ. భీమిలిలో 17వ శతాబ్దంలో దిగిన డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి.

వీటిలో చరిత్రకు పుట్టిల్లు వంశధార. దాని కుడి గట్టున శాలిహుండం కొండమీద బౌద్ధ స్తూపాలున్నాయి. ఎగువన ఎడమ గట్టున ముఖలింగం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు నిర్ధారించారు. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగుడు రాజధానిని మహానది డెల్టాలోని కటకానికి తరలించాడు. పెరిగిన రాజ్యానికి ఈ చిన్న లోయ ఇరుకైందేమోనని నాకనిపిస్తుంది. ముఖలింగం ఆలయ శాసనాలను పట్టుదలతో చదివినవారు, 1919లో శాలిహుండం శిథిలాలను వెలుగులోకి తెచ్చినవారు ఒక్కరే: గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఆ పరిసరాలలోనిదే. ఇవాళ మనం వాడుక తెలుగులో ఇలా వ్రాసుకుంటున్నామంటే అందులో వంశధార నీరు కొంత ఉంది.

నాగావళికి లాంగుల్య అని మరో పేరు. బలరాముడు నాగలితో ఈ నదిని తెచ్చాడని స్థలపురాణం. నాగలి పేరు మోసే నది రైతుకెంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు. సంగాం వద్ద సువర్ణముఖి, వేగావతి వచ్చి ఇందులో కలుస్తాయి. ఆ వేగావతి ఒడ్డునే 1757 యుద్ధంతో ప్రసిద్ధికెక్కిన బొబ్బిలి ఉంది.

ఇక నేటి సంగతి. వేగంగా పారే నదికి రెండే ముఖాలు: ముంచెత్తే వరద, ఎండిన ఇసుక. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వేళ వంశధార, మహేంద్రతనయ ఊళ్ళమీద పడ్డాయి. అవే నదులు వేసవిలో పాయలుగా చీలి, పిల్లలు నడిచి దాటేటంత పలచబడతాయి. నీటిని ఎక్కడైనా కాస్త నిలుపుకోవాలి. అయితే ఈ నదులు పుట్టేది ఒడిశాలో, సముద్రంలో కలిసేది ఆంధ్రలో. వంశధారలో 115 టీఎంసీల నీటిని చెరిసగం పంచుకోవాలని 1962లోనే రెండు రాష్ట్రాలు ఒప్పుకున్నాయి. తరువాత వివాదాలు ముదిరి 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో తీర్పు వచ్చింది. ఒప్పందానికీ తీర్పుకూ నడుమ 55 ఏళ్ళు! ఆ వ్యవధిలో రెండు తరాల రైతులు మూటాముల్లె సర్దుకున్నారు.

నా చిన్ననాటి ప్రశ్నకు సమాధానం ఇదేననుకుంటాను. నది ఉండటం వేరు, నీరు ఉండటం వేరు. మీరు ఆ దారిన వెళ్ళినప్పుడు వంతెనలు లెక్కపెట్టండి. క్రింద నీరుందో, ఇసుకే ఉందో కూడా ఒకసారి చూడండి.