తలారి కావలి నుండి పోలీసు ఠాణా వరకు

గ్రామమునకు చెఱువు ఎంత ముఖ్యమో కావలియు నంత ముఖ్యము. కావలి లేని ఊర కలిమి నిలువదు. అయినను కావలివానిని ఊరు నమ్మనిచో ఆ కావలి యుండియు లేనట్లే. ఈ నమ్మకము మన దేశమున దేనిపై నిలిచెనో, ఎట్లు సడలెనో, దానిని మరల నెలకొల్పుటకు ఏమేమి ప్రయత్నములు జరిగినవో ఈ రజతోత్సవ సందర్భమున పాఠక మహాశయులకు సంగ్రహముగా విన్నవించుచున్నాను.

మన ధర్మశాస్త్రకారులు ఈ విషయమున గట్టి నియమము చేసిరి. దొంగలు హరించిన ధనమును రాజు సొంతదారునకు ఇప్పింపవలెననియు, ఇప్పింపనిచో ఆ పాపము రాజునకే చెందుననియు యాజ్ఞవల్క్యుడు విధించెను. దొరకని సొత్తునకు రాజు తన ధనమునుండియే నష్టము తీర్చవలెనని కౌటిల్యుని మతము. దొంగ జాడ పొలిమేర దాటినట్లు కానరానిచో ఆ గ్రామాధిపతిదే దోషమని కూడ స్మృతి చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యయగు మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనిగించుటచే ధర్మశాస్త్రము సంస్కృతము రానివారికిని అందినది.

ఈ నియమమే గ్రామములలో తలారి వ్యవస్థయై నిలిచినది. తలారికి ఊరివారు మాన్యమిచ్చిరి. పంట కళ్ళమున మేర కొలిచిరి. అందులకు బదులుగా అతడు రాత్రింబగళ్ళు కావలి కాయవలెను. పోయిన సొత్తు పట్టి యీయవలెను, లేదా నష్టమునకు పూచీపడవలెను. జీతమిచ్చువారెవరో జవాబు అడుగువారును వారే యగుటచే నమ్మకము నిలిచినది. అయితే ఆనాటి దంతయు మేలే యనుకొనరాదు. రాయలసీమలో పాళెగాండ్రు కావలి పేర బలవంతపు వసూళ్ళు సాగించిరి. కావలివాడే దొంగలతో చేయి కలిపిన చోట్లును కలవు. అడుగువాడు బలహీనుడైనచో పూచీ పేరునకే మిగులును.

కంపెనీవారి పాలనలో స్థితి మారినది. 1816వ సంవత్సరపు 11వ రెగ్యులేషను వలన పోలీసు అధికారము కలెక్టరునకును, ఆయన క్రింద తాసిల్దారులకును, గ్రామపెద్దలకును చెందినది. శిస్తు రాబట్టు చేతికే లాఠీయు దక్కెను. బాకీపడిన రైతును ఎండలో వంచి నిలుపుట, వ్రేళ్ళను కొయ్యల నడుమ బిగించుట మొదలగు హింసలు సాగినవి. మొఱపెట్టుకొనవలెనన్నను ఆ మొఱను ఆ యధికారులే వినవలెను! పైయధికారి యుండునది దూరమున. బీదరైతునకు దారిఖర్చు కూడ కరవు.

ఈ సంగతిని లోకమునకు తెలిపినవారిలో ముఖ్యుడు మదరాసునందలి తెలుగువర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1852లో మదరాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, ప్రజల బాధలను ఇంగ్లాండు పార్లమెంటునకు విన్నవించెను. 1854లో ఆ సభలో చర్చ జరిగినది, విచారణసంఘము ఏర్పడినది. దానికి వేయికి మించిన ఫిర్యాదులు అందెను. 1855లో ఆ సంఘము హింసలు నిజమేయని తేల్చినది. ఈ యకృత్యములలో తాసిల్దారుల కచ్చేరీలతోపాటు గ్రామోద్యోగులకును భాగముండెను. లెక్కలు వ్రాసి జీవించు నావంటివాడు ఈ మాటను దాచుట న్యాయము కాదు.

పిమ్మట 1859లో మదరాసు రాజధానికి ప్రత్యేక పోలీసు చట్టము వచ్చినది. శిస్తు వసూలు, పోలీసుపని వేరయ్యెను. 1861లో ఇతర రాష్ట్రములకును పోలీసు చట్టము చేసిరి. ఒక దోషము తొలగినది గాని, క్రొత్త పోలీసు ప్రభుత్వమునకే గాని ఊరికి జవాబుదారి కాలేదు. 1872నాటి సాక్ష్యచట్టము, పోలీసు అధికారి యెదుట చేసిన నేరాంగీకారమును న్యాయస్థానమున ఋజువు చేయరాదని శాసించినది. ప్రభుత్వమే తన పోలీసును ఎంత నమ్మెనో దీనివలన తెలియును. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన క్రొత్త సాక్ష్యచట్టమును ఈ నియమమును నిలుపుకొన్నది. 1902లో ఏర్పడిన ఫ్రేజరు కమిషను కూడ పోలీసులకు ప్రజల విశ్వాసము లేదని వ్రాసినది.

స్వాతంత్ర్యానంతరము ఆ విశ్వాసమును కూర్చు యత్నములు జరుగుచున్నవి. 1977లో జాతీయ పోలీసు కమిషను ఏర్పడినది. అరెస్టు పత్రముపై కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతపు పెద్దమనిషియో సాక్షిసంతకము చేయవలెనని 1996లో సుప్రీముకోర్టు ఆదేశించెను. 2006లో అదే న్యాయస్థానము, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునను జిల్లాలలోను ప్రత్యేకాధికార సంస్థలు ఏర్పరుపవలెననెను. కేరళమున 2008లో మొదలైన జనమైత్రి పథకమున పోలీసువారు తమ వంతు ప్రాంతమున ఇల్లిల్లు తిరిగి ప్రజలతో పరిచయము చేసికొనుట ఆరంభించిరి.

ఈ చరిత్ర నుండి తేలునది ఒక్కటే. నమ్మకము దండనభయమున పుట్టదు, ఉపన్యాసములతోను పుట్టదు. జవాబు చెప్పవలసిన పూచీ యున్నచోటనే పుట్టును. లెక్క చూపువానికే ఊరు సొమ్ము అప్పగించును. అధికారమునకును అదే నియమము.

అడుగుటకు తెలిసియుండవలెను. ఫిర్యాది చెప్పిన దానిని వ్రాసికొని, చదివి వినిపించి, ఆ ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా ఈయవలెనని చట్టము చెప్పుచున్నది. ఈ సంగతి తెలియనివాడు ఠాణా గడపయొద్దనే వెనుదిరుగును. కావున మన గ్రంథాలయమున పురాణ ప్రబంధముల సరసన తెలుగున వెలువడిన చట్టగ్రంథములకును ఒక బీరువా కేటాయింపవలెనని నా మనవి. చదువ వచ్చినవారు రానివారికి చదివి వినిపింపవలెను.

మన వంతు ధర్మమును కలదు. పగలు తీర్చుకొనుటకు అబద్ధపు ఫిర్యాదు వ్రాయింపరాదు. కన్నది చెప్పుటకు జంకరాదు. ఊరు నిజము చెప్పి, ఠాణా జవాబు చెప్పిననాడే కావలి అను మాట సార్థకమగును.