డ్రమ్ముల ఏమున్నదో చెప్పుండ్రి

జర ఇటు జరుగుండ్రి, పొగ అటు తిరిగింది. ఆ టైరు ముక్క నెగడుల ఎయ్యకు తమ్మీ. నౌకరున్నన్ని దినాలు ఆ వాసనే పీల్చిన. కట్టెలు చాలు.

పాత ఫైరింజన్ల ముచ్చట అడిగిండ్రు గద. మాది టాటా 1210. నేను చేరేనాటికే దానికి ఈడు మీదపడ్డది. దానికంటె ముందటి బెడ్‌ఫోర్డు బండ్లు మా సీనియర్లు నడిపిండ్రు. గంట కొట్టుకుంట పోతుండెనట, డ్రైవర్ పక్కన కూసున్నోనికి తాడు గుంజుడే పని. మా దానికి సైరన్ ఉండె గని, బ్యాటరీ మంచిగున్ననాడే మోగేది. సెల్ఫ్ మీద నమ్మకం లేక బండి మూతిని వాలు దిక్కు పెట్టి నిలబెడ్తుంటిమి. ఫోన్ రాంగనే నలుగురు ఎనుకకెళ్లి నూకాలె, నేను రెండో గేర్ల క్లచ్ ఇడవాలె. మొండి ఎద్దును అదిలించినట్టు అదిలిస్తె గని కదలకపోయేది. నేను డ్రైవర్ ఆపరేటర్‌ను. తోలుడు నాదే, పంపు నడుపుడు నాదే.

ట్యాంకుల 4,500 లీటర్లు పడ్తయ్. అడుగున తుప్పు పట్టి నీళ్లు కారుతుంటె బట్టల సబ్బు ఒత్తి ఆపేటోళ్లం. పొద్దుగాల డ్యూటీ ఎక్కంగనే రాత్రి ఎంత కారిందో చూసి నింపుడు మొదటి పని. నాలుగున్నర టన్నుల నీళ్లు మలుపు కాడ బండిని ఒకదిక్కు గుంజుతయ్. అవి ఊగకుండ లోపల రేకు అడ్డాలుంటయ్, అవి గూడ తుప్పు తిన్నయంటె స్టీరింగ్ పట్టుకున్నోనికే తెలుస్తది ఆ బాధ. ఇంత చేసి తీస్కపోతె, రెండు లైన్లు పెట్టి గట్టిగ కొడితె పది నిమిషాలకు ట్యాంకు ఖాళీ. సినిమాలల్ల గంటలకొద్ది కొడ్తనే ఉంటరు. ఆ నీళ్లు యాడికెళ్లి వస్తయో ఎవ్వడు చూపియ్యడు.

మా కొట్లాటంత ఆ నీళ్ల కోసమే. ఊర్లల్ల గుడిసెలు కాలినా, గడ్డివాములు కాలినా బావి కాడికి పోవాలె. మన దిక్కు బావులు లోతు. పంపు నీళ్లను గుంజుతదని అంటం గని, నిజానికి బయటి గాలి బరువే నీళ్లను పైపులకు నూకుతది. లెక్క ప్రకారం పది మీటర్లు, పనిల ఏడు మీటర్లు ఎక్కితె గొప్ప. బండి కొత్తదైనా పాతదైనా ఈ లెక్క మారదు. ఎండకాలం నీళ్లు అడుగంటితె చిన్న పంపును తాళ్లు కట్టి బావిలకు దించేటోళ్లం. సక్షన్ పైపు జాయింటుల వాషర్ అరిగిందా, పంపు గాలే తాగుతది, నీళ్లు రావు. దరి మీద నిలబడ్డోళ్లు మా తల్లిదండ్రులను తల్చుకునేటోళ్లు. తప్పేం లేదు, వాళ్ల ఇల్లు కాలుతుండె.

ఇగ మన పటాన్‌చెరు దిక్కు కంపెనీల ముచ్చట. బీహెచ్‌ఈఎల్ ముందునుంచే ఉన్నది. 1972ల ఇక్రిశాట్ వచ్చింది. ఇందిరమ్మ 1980ల మెదక్ ఎంపీగ గెలిచినంక ఈ దిక్కు మీద సర్కారు చూపు ఇంకింత పడ్డది. పటాన్‌చెరు, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, పాశమైలారం... జొన్న చేన్ల నడుమ చిమ్నీలు లేచినయ్. మనోళ్లకు పని దొరికింది, బిహార్, ఒడిశా పోరగాండ్లు గూడ వచ్చిండ్రు. మాకు మాత్రం అప్పటిదాక తెలిసిన అగ్గి వేరు, ఈ అగ్గి వేరు. గడ్డివాము కాలితె నీళ్లు కొట్టు, గెలికి మళ్ల కొట్టు, అయిపాయె. టోలీన్ అనే కెమికల్ కాలితె నీళ్లు కొడితె ఏమైతది? అది నీళ్ల మీద తేలుతది. మనం కొట్టిన నీళ్లే మంటను మోసుకపోయి మోరీల ఎంట పక్క షెడ్డుకు అంటిస్తయ్. దాని ఆవిరి గాలికంటె బరువు, నేలను పట్టుకొని పాకుతది. నాలుగు డిగ్రీల చల్లదనంల గూడ అంటుకునే సరుకు అది. ఇయ్యాల్టి చలి దానికి ఒక లెక్క గాదు.

ఒక రాత్రి ముచ్చట చెప్త. కంపెనీ పేరెందుకు గని, మందుల కంపెనీ. మేం పోయేసరికి షెడ్డు ఎనుక డ్రమ్ములు కాలుతున్నయ్. గేటు కాడ వాచ్‌మన్ ఒక్కడే. మా లీడింగ్ ఫైర్‌మన్ అడిగిండు, “డ్రమ్ములల్ల ఏమున్నదే?” వాడు చేతులు కట్టుకొని, “మందుల కంపెనీ గద సారూ, మందులుంటయ్” అన్నడు. పాపం, వానికి అంతే తెలుసు. డ్రమ్ముల మీద పేర్లు లేవు, గీకేసినట్టున్నయ్. మేనేజర్ హైదరాబాద్‌ల పండుకున్నడు. అంటుకోని డ్రమ్ములు వేడికి ఉబ్బుతున్నయ్, టప్ టప్ మంటున్నయ్. అట్ల ఉబ్బిన డ్రమ్ము మూత దిక్కో అడుగు దిక్కో నిలబడొద్దు. ఊడిందంటె మొత్తం డ్రమ్మే ఎగిరొస్తది. మా దగ్గర ఫోమ్ క్యాన్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కాలేటియి ఫోమ్‌తోని కప్పుకుంట, ఉబ్బేటియి దూరంకెళ్లి నీళ్లతోని సల్లార్చుకుంట తెల్లారిచ్చినం. పంపు ఒక్కసారి గూడ ఆగలే. బండిని ఎన్ని తిట్టిన్నో, ఆ రాత్రికి అన్నీ మాఫీ.

మిథనాల్ ఇంకో తీరు. పట్టపగలు దాని మంట కండ్లకు ఆనదు. పొగ లేదు, ఎరుపు లేదు, గాలి జర వణికినట్టు ఉంటదంతే. అనుమానమొస్తె చీపురుకట్ట ముందటికి చాపుకుంట నడువుమని మా పెద్దోళ్లు చెప్పేటోళ్లు. చీపురు అంటుకుందా, ఆడనే ఆగాలె. సోడియం ముక్కలున్న కాడ నీళ్లు పోస్తె మంట ఆరకపోంగ పేలుతది. ఒక్కో సరుకుకు ఒక్కో మందు. పేరే తెల్వకపోతె నీళ్లు కొట్టాల్నా, ఫోమ్ కొట్టాల్నా, ఎనుకకు ఉరకాల్నా?

మంట ఆరినంక ఆ నీళ్లు యాడికి పోతయో ఎవ్వరు అడుగరు. మోరీల ఎంట నక్కవాగుకు, ఆడికెళ్లి మంజీరకు. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు సారు ఈ వాగుల కోసమే ఏండ్లకేండ్లు కొట్లాడిండు. ముచ్చట సుప్రీంకోర్టు దాక పోయింది. అది ఇంకో రాత్రి చెప్త.

ఏటా ఏప్రిల్ 14న పోయిన ఫైరోళ్లకు మేం ఎందుకు దండలేస్తమో తెలుసా? 1944ల అదే దినం బొంబాయి రేవుల ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ కాలింది. పత్తి బేళ్లు, పేలుడు సామాను ఒకటే ఓడల నింపిండ్రు. ఆర్పవోయిన ఫైరోళ్లు అరవై మందికి పైన పోయిండ్రు. 2023 నవంబర్‌ల నాంపల్లి బజార్‌ఘాట్‌ల మనుషులుండే బిల్డింగు కింద కెమికల్ డ్రమ్ములు పెట్టిండ్రు, అగ్గంటుకొని తొమ్మిది మంది పోయిండ్రు. 2024 ఏప్రిల్‌ల మన హత్నూర మండలం చందాపూర్‌ల ఎస్‌బీ ఆర్గానిక్స్ పేలింది, పోయినోళ్లల్ల డైరెక్టర్ గూడ ఉన్నడు. 2025 జూన్ 30 పొద్దుగాల పాశమైలారంల సిగాచి కంపెనీ పేలింది, మీకే తెలుసు. ఆడ చేసేది మాత్రలల్ల కలిపే తెల్లపొడి, కట్టె గుజ్జుకెళ్లి తీస్తరు. యాభై నాలుగు మంది పోయిండ్రు. అండ్ల ఎనిమిది మంది ఆనవాలు గూడ దొరకలే. ఎండిన సన్నపొడి గాలిల లేచిందంటె నిప్పురవ్వ చాలని ఎంతమందికి తెలుసు? పొడే గదా అనుకుంటరు.

బండ్లు ఇప్పుడు మంచిగొస్తున్నయ్. 2023 ఏప్రిల్‌కెళ్లి పదిహేనేండ్లు దాటిన సర్కారు బండ్లకు రిజిస్ట్రేషన్ మళ్ల చెయ్యొద్దని కేంద్రం రూల్ పెట్టింది. ఫైర్ సర్వీసులను బాగుచేసెతందుకు 5,000 కోట్ల స్కీం గూడ తెచ్చింది. రావాలె, నేను వద్దంట లేను. సబ్బు పెట్టిన ట్యాంకుతోని ఇంకో పోరడు రోడ్డెక్కొద్దు. గని నన్నడిగితె, పాత బండి ఆలస్యం చేస్తది, పేరు లేని డ్రమ్ము ప్రాణం తీస్తది. ఎన్ని కోట్లు పెట్టి కొన్న బండైనా డ్రమ్ముల ఏమున్నదో అది చెప్పదు.

101కు ఫోన్ కొడితె “జల్ది రాండ్రి” అని పెట్టెయ్యకుండ్రి. ఏ ఊరు, ఏ కంపెనీ, ఏ గేటు, ఏం కాలుతుంది, లోపల ఎంతమంది, అన్నీ చెప్పుండ్రి. ఒకరు రోడ్డు మీదికొచ్చి తోవ చూపెట్టుండ్రి. పాశమైలారం డ్యూటీకి పోయే పోరలూ, రేపు మీరు దొర్లిచ్చే డ్రమ్ము మీద పేరు చదువుండ్రి. పేరు లేకపోతె సూపర్‌వైజర్‌ను అడుగుండ్రి. ఆయన చెప్పకపోతె దాన్ని ముట్టకుండ్రి.