గుండె వైఫల్యం: రెండు సూచికల చరిత్ర

శరీర అవసరాలకు తగినంత రక్తాన్ని గుండె అందించలేకపోయే స్థితిని గుండె వైఫల్యం అంటారు. ఈ రోగుల రక్తంలో నేడు పరిశోధకులు పరిశీలిస్తున్న రెండు సూచికలు, అంటే దేహంలో రేగే ఇన్‌ఫ్లమేషన్‌ను తెలిపే సి-రియాక్టివ్ ప్రోటీన్ (సీఆర్‌పీ), ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించని లక్షణమైన ఇన్సులిన్ నిరోధకత, గుండెతో నిమిత్తం లేని పరిశోధనల్లో పుట్టినవే.

1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవాన్ని, న్యుమోకాకస్ బాక్టీరియా నుంచి తీసిన ‘సి’ పదార్థంతో కలిపితే అవక్షేపం ఏర్పడుతుందనీ, జబ్బు నయమయ్యాక ఆ గుణం పోతుందనీ గమనించారు. ‘సి’తో అలా స్పందించే పదార్థమే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1950లలో సన్నని గాజు గొట్టంలో రోగి సీరాన్ని ఆ ప్రోటీన్‌కు విరుగుడైన ప్రతిసీరంతో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పేరుకున్న తెల్లని అవక్షేపం ఎత్తును మిల్లీమీటర్లలో కొలిచేవారు. ఈ ప్రోటీన్ గుండె వైఫల్యం ఉన్నవారిలోనూ కనిపిస్తుందని ఎల్‌స్టర్, బ్రౌన్‌వాల్డ్, వుడ్ 1956లోనే ప్రకటించారు.

రెండో సూచిక మధుమేహ పరిశోధన నుంచి వచ్చింది. లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్ గ్లూకోజ్, ఇన్సులిన్ ఒకేసారి ఇచ్చి రక్తంలో చక్కెరను గమనించి, మధుమేహుల్లో కొందరికి ఇన్సులిన్ బాగా పనిచేస్తుందనీ, కొందరికి అంతగా పనిచేయదనీ 1936లో తేల్చాడు. రక్తంలోని ఇన్సులిన్‌ను నేరుగా కొలిచే రేడియో ఇమ్యునో అస్సేను రోసలిన్ యాలో, సోలమన్ బెర్సన్ రూపొందించాక, 1985లో డేవిడ్ మాథ్యూస్ బృందం ‘హోమా’ పద్ధతిని ప్రతిపాదించింది. పరగడుపున లీటరుకు మిల్లీమోళ్లలో కొలిచిన గ్లూకోజ్‌ను మిల్లీలీటరుకు మైక్రోయూనిట్లలో కొలిచిన ఇన్సులిన్‌తో గుణించి 22.5తో భాగిస్తే నిరోధకత అంచనా దొరుకుతుంది.

మధుమేహం ఉన్నవారికి గుండె వైఫల్యం ముప్పు పురుషుల్లో సుమారు రెండు రెట్లు, స్త్రీలలో ఐదు రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనం 1974లో చూపింది. తీవ్ర గుండె వైఫల్యం ఉన్నవారి రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను ప్రేరేపించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందని 1990లో బెత్ లెవిన్ బృందం కనుగొన్నది. అదే ప్రోటీన్‌కు ఊబకాయం ఉన్న జంతువుల కొవ్వు కణజాలంలోని ఇన్సులిన్ నిరోధకతతో సంబంధం ఉందని 1993లో హోటమిస్లిగిల్, స్పీగెల్‌మాన్ తదితరులు చూపడంతో రెండు దారులు కలిశాయి.

అయితే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే రోగం తగ్గుతుందన్న ఆశ నెరవేరలేదు. దాన్ని అడ్డుకునే మందుల్లో ఎటానర్‌సెప్ట్ ప్రయోజనం చూపలేదు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎక్కువ మోతాదు పొందినవారిలో మరణాలు, ఆసుపత్రిలో చేరికలు పెరిగాయని 2003లో వెల్లడైంది. సూచిక పెరగడానికీ, అదే రోగానికి మూలం కావడానికీ మధ్య ఉన్న తేడాను ఈ ప్రయోగాలు స్పష్టం చేశాయి. గుండె వైఫల్య నిర్ధారణకు వైద్యులు నేటికీ గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకో పరీక్షపైనా, గుండె గోడలు సాగినప్పుడు వెలువడే నేట్రియురెటిక్ పెప్టైడ్లపైనా ఆధారపడుతున్నారు. సీఆర్‌పీ, హోమా విలువలు ముప్పును అంచనా వేయడానికి తోడ్పడతాయే తప్ప, వాటిని తగ్గించడమే చికిత్స అనడానికి చాలవు.