గుండె తలుపు: కొన్ని పాత సంగతులు

కొన్నాళ్ళుగా నేనిక్కడ ఏమీ రాయలేదు. బద్ధకమనుకున్న మిత్రుల ఊహలో సగం నిజముంది. మిగతా సగం ఇది: నా గుండెలోని నాలుగు కవాటాలలో ఒకటి పూర్తిగా చెడిపోయింది. వచ్చే నెలలో దానిని తీసివేసి మరొకటి అమర్చబోతున్నారు. నా వయసు 27. ఆపరేషన్ అనగానే భయం వేసిన మాట వాస్తవమే గాని, అంతకంటే ఎక్కువగా నన్ను నిద్రపోనివ్వనిది డాక్టరుగారు అడిగిన ప్రశ్న: లోహంతో చేసినది పెట్టమంటారా, జంతువుల కణజాలంతో చేసినదా? నిర్ణయానికి వారం గడువిచ్చారు. ఏ వస్తువైనా దాని పూర్వాపరాలు తెలిస్తేగాని నాకు నమ్మకం కుదరదు. అందుచేత ఆ వారమంతా గుండె కవాటాల చరిత్ర చదువుతూ కూర్చున్నాను.

కవాటమంటే తలుపు. గుళ్ళో రాత్రి ఏకాంతసేవ ముగిశాక జరిపే కవాటబంధనంలో ఉన్నదీ ఈ మాటే. గుండెలో ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ నడుమ ఉండే రెండు రెక్కల తలుపు ద్విపత్ర కవాటం. వైద్యుల నోట మిట్రల్ వాల్వ్. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో అది రోజుకు లక్షా ఎనిమిది వేల సార్లు, ఏడాదికి సుమారు నాలుగు కోట్ల సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఈ లెక్క వేసుకున్నాక, దాని స్థానంలో నిలబడగల వస్తువును మనిషి చేయబూనడమే సాహసమనిపించింది.

నా తలుపు చెడిన వైనం చాలా మామూలుది. ఆరో తరగతిలో గొంతునొప్పి వచ్చి తగ్గింది. రెండు మూడు వారాలకు మోకాళ్ళు వాచాయి. అవి తగ్గేసరికి మోచేతులు. ఎదిగే వయసు నొప్పులన్నారు. అది కీళ్ళవాతపు జ్వరమని తరువాత ఎప్పుడో తెలిసింది. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమిపై పోరాడే క్రమంలో దేహం పొరబడి తన కవాటాలనే గాయపరుస్తుంది. కీళ్ళ వాపు తగ్గిపోతుంది, గుండెలో మచ్చ మిగిలిపోతుంది. జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకొక పెన్సిలిన్ సూది వేయించుకోవాలన్నారు. ఇంట్లో ఉన్నంతకాలం అమ్మ వేయించింది. డిగ్రీ హాస్టల్లో చేరాక నేను మానేశాను. ఈ విషయంలో నిందించడానికి నాకు మరెవరూ లేరు.

చరిత్రలోకి వెళ్దాం. గుండె జోలికి పోవడం శస్త్రవైద్యులకు నిషిద్ధంగా ఉన్న రోజుల్లో, 1923లో, బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ ఒక పన్నెండేళ్ళ పాప గుండెలోకి కత్తి పంపి ముడుచుకుపోయిన మిట్రల్ కవాటాన్ని చీల్చాడు. పాప నాలుగేళ్ళకు పైగా బ్రతికింది. ఆ తరువాతి రోగులలో దాదాపు ఎవరూ దక్కలేదు. 1925 మే 6న లండన్‌లో హెన్రీ సౌటర్ మరో దారి పట్టాడు. పందొమ్మిదేళ్ళ అమ్మాయి కర్ణికలో చిన్న రంధ్రం చేసి చూపుడువేలు లోపలికి పోనిచ్చి, కొట్టుకుంటున్న గుండెలోనే కవాటాన్ని తడిమి విప్పాడు. ఆమె కోలుకుంది. అయినా ఆ తరువాత ఏ వైద్యుడూ ఆయన వద్దకు అటువంటి రోగిని పంపలేదు. పని సఫలమైనా కాలం అంగీకరించకపోవడమంటే ఇదే కాబోలు. ఆ వేలు మరో ఇరవై మూడేళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది.

1948 జూన్ 10 నాటి కథ నన్ను రెండు రాత్రులు వెంటాడింది. ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ అప్పటికే ఈ ఆపరేషన్‌లో రోగులను పోగొట్టుకుని ఉన్నాడు. ఒక్కో ఆస్పత్రిలో తలుపులు మూసుకుపోతున్నాయి. ఆ రోజు రెండు వేర్వేరు ఆస్పత్రులలో రెండు ఆపరేషన్లు పెట్టుకున్నాడు. ఉదయం చేసిన రోగి బల్లమీదే పోయాడు. ఆ కబురు రెండో ఆస్పత్రికి చేరి అడ్డుపడేలోగా మధ్యాహ్నం అక్కడ ఒక ఇరవై నాలుగేళ్ళ గృహిణి గుండె తెరిచాడు. ఆమె బ్రతికింది. వారం తిరిగేసరికి ఆమెను రైల్లో షికాగో తీసుకువెళ్ళి వైద్యుల సభలో చూపించాడు. దీనిని మొండిధైర్యమనాలో, నేరమనాలో నాకు తేలలేదు. ఆ మధ్యాహ్నం లేకపోతే నాకు వచ్చే నెల లేదన్నది మాత్రం తెలుసు. ఉదయం పోయిన మనిషి గురించి చరిత్ర ఒక్క వాక్యంతో సరిపెడుతుంది.

ఇంతవరకూ జరిగినదంతా ఉన్న తలుపును బాగుచేయడమే. మార్చాలంటే గుండెను కాసేపు ఆపాలి. ఆ కాసేపూ రక్తాన్ని నడిపే యంత్రం కావాలి. జాన్ గిబ్బన్ ఏళ్ళ తరబడి శ్రమించి చేసిన యంత్రం 1953 మే 6న (సౌటర్ వేలు లోపలికి వెళ్ళిన తేదీయే, యాదృచ్ఛికం) ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని 26 నిమిషాలపాటు బ్రతికించింది. తరువాతి రోగులు దక్కకపోయేసరికి ఆయన మనసు విరిగి ఆ పని మానుకున్నాడు. యంత్రాన్ని ఇతరులు సరిదిద్దుకున్నారు.

ఇక కృత్రిమ కవాటం. 1952లో చార్లెస్ హఫ్‌నాగెల్ ప్లాస్టిక్ గొట్టంలో బంతి ఉన్న కవాటాన్ని గుండెలో కాక, కిందికి దిగే బృహద్ధమనిలో అమర్చాడు. అది చేసే టక్కు టక్కు పక్కన కూర్చున్నవారికి కూడా వినబడేదట. 1960 మార్చిలో నీనా బ్రౌన్‌వాల్డ్ అనే ముప్ఫై రెండేళ్ళ శస్త్రవైద్యురాలు తాను స్వయంగా రూపొందించిన పాలియురెథేన్ కవాటాన్ని మిట్రల్ స్థానంలో అమర్చింది. చాలా చోట్ల ఆమె పేరు పాదసూచికలో ఉంటుంది. నేను ఇక్కడ అసలు పాఠంలోనే రాస్తున్నాను.

అందరూ చెప్పుకునేది మాత్రం పోర్ట్‌లాండ్ జంట గురించి. లోవెల్ ఎడ్వర్డ్స్ పంపులు, ఇంధన యంత్రాలు చేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు. 1958లో ఆల్బర్ట్ స్టార్ అనే యువ శస్త్రవైద్యుడి దగ్గరకు వచ్చి మొత్తం కృత్రిమ గుండెనే చేద్దామన్నాడు. ముందు ఒక్క కవాటం చేద్దాం, తరువాత చూద్దామన్నాడు స్టార్. మొదట సహజ కవాటాన్ని అనుకరిస్తూ రెక్కలతో చేశారు. కుక్కలలో రక్తం గడ్డకట్టి విఫలమైంది. అప్పుడు అనుకరణ మానేసి పంజరంలో బంతి పెట్టారు. మన గోలీసోడా బుడ్డి గుర్తుందా? లోపలి గ్యాసు గోలీని పైకి నొక్కి మూతిని మూసేస్తుంది, మనం వేలితో నొక్కితే గోలీ కిందికి దిగి దారి విడుస్తుంది. ఆ సూత్రమే. 1960 ఆగస్టులో మొదటిసారి ఒక యువతికి అమర్చారు. కవాటం చక్కగా పనిచేసింది. గుండెలో మిగిలిపోయిన గాలి బుడగ మెదడుకు చేరి ఆమె పది గంటల్లో కన్నుమూసింది. సెప్టెంబరులో రెండో రోగి, యాభై రెండేళ్ళ వ్యక్తి, ఇంటికి వెళ్ళాడు. ఎన్నో ఏళ్ళ తరువాత ఇంటికి రంగులు వేస్తూ నిచ్చెన మీదనుంచి పడి చనిపోయాడు. గుండెజబ్బు మనిషికి ఇంత మామూలు మరణం దక్కడం నాకెందుకో ఆశీర్వాదంలా తోచింది.

అక్కడినుంచి ప్రతి పరిష్కారమూ ఒక కొత్త సమస్యను వెంటబెట్టుకొచ్చింది. పరాయి వస్తువు తగిలితే రక్తం గడ్డకడుతుంది; గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. గడ్డకట్టకుండా మందు కావాలి. ఆ మందు పుట్టుక పశువుల కొట్టంలో జరిగింది. 1920లలో అమెరికా, కెనడాలలో చెడిపోయిన ఒక గడ్డి తిన్న పశువులు రక్తస్రావమై చనిపోసాగాయి. 1933లో ఒక రైతు చచ్చిన పెయ్యనూ, పాలక్యానులో గడ్డకట్టని రక్తాన్నీ తీసుకుని విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ ప్రయోగశాల తలుపు తట్టాడు. ఆ పరిశోధన నుంచే వార్ఫరిన్ వచ్చింది. 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కి, 1954 నుంచి మనుషులకు ఔషధమైంది. మన దగ్గర దాని చుట్టమైన అసినోకుమరాల్ ఎక్కువ వాడతారు. లోహపు కవాటం పెట్టించుకుంటే జీవితాంతం ఇటువంటి మాత్ర వేసుకోవాలి, రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె దీనికి ఎదురు పనిచేస్తుంది. ఒక రోజు గిన్నెడు తోటకూర తిని, మరో వారం ముట్టకపోతే లెక్క తప్పుతుంది. తింటే రోజూ ఒకే కొలతలో తినాలి. కూరగాయల బండి దగ్గర బేరమాడి గోంగూర కట్టలు తెచ్చే మా ఇంట్లో ఈ సంగతి ఆపరేషన్ కంటే పెద్ద కలకలం రేపింది.

లోహమూ నమ్మకద్రోహం చేసిన సందర్భముంది. 1979 నుంచి 1986 వరకు సుమారు 86 వేల మందికి అమర్చిన బ్యోర్క్-షైలీ కవాటం ఒక నమూనాలో బిళ్ళను పట్టి ఉంచే కమ్మీ విరగసాగింది. వందల మందిలో విరిగింది. విరిగితే చాలామంది గంటల్లోనే పోయారు. మిగతావారు అది విరుగుతుందో విరగదో తెలియక ఏళ్ళ తరబడి గుండెచప్పుడు వింటూ గడిపారు. ఇప్పటి కవాటాలు అంతకంటే ఎంతో మెరుగు. అణు ఇంధనానికి పూత కోసం తయారుచేసిన పైరోలిటిక్ కార్బన్‌తో రెండు రెక్కల కవాటం 1977లో వచ్చింది, దశాబ్దాలు నిలిచింది.

మన దేశపు కథ నాకు మరీ ఇష్టం. విదేశీ కవాటాల ధర మనవారికి అందుబాటులో లేని రోజుల్లో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో ఎం. ఎస్. వలియత్తాన్ బృందం స్వదేశీ కవాటానికి పూనుకుంది. మొదటి మూడు నమూనాలూ విఫలమయ్యాయి. ఒకదానిలో బిళ్ళను కృత్రిమ నీలమణితో చేశారు. గొర్రెకు అమర్చిన కొన్నాళ్ళకు అది పగిలింది. (నీలం అందరికీ అచ్చిరాదని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.) నాలుగోసారి కోబాల్టు మిశ్రలోహపు చట్రంలో గట్టి పాలిథిలిన్ బిళ్ళ పెట్టారు. 1990 డిసెంబరు 6న తొలిసారి మనిషికి అమర్చిన ఆ చిత్ర కవాటం ఇప్పటికి లక్షమందికి పైగా గుండెల్లో చేరింది. వలియత్తాన్ 2024 జులైలో కాలం చేశారు. ఉత్తరజీవితంలో ఆయన చరక, సుశ్రుత సంహితలపై గ్రంథాలు రాశారు.

రెండో దారి కణజాలం. 1965లో పారిస్‌లో అలాన్ కార్పెంటియర్, బినే కలిసి పంది కవాటాన్ని మనిషికి అమర్చారు. అవి త్వరగా పాడయ్యేవి. తోళ్ళను పదునుచేసేందుకు కూడా వాడే గ్లూటరాల్డిహైడ్‌లో ఊరబెడితే నిలుస్తాయని 1968 నాటికి కార్పెంటియర్ కనుగొన్నాడు. ఇప్పుడు ఎక్కువగా పశువుల గుండె పైపొరతో చేస్తున్నారు. ఒకటి పంది, రెండోది ఆవు జాతి అని తెలిశాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నువ్వు బ్రతకడం కంటే ఎక్కువ మడి ఏముంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఈ కవాటానికి మూడు నెలలో ఆరు నెలలో మందు వాడితే చాలు. కాని వయసులో ఉన్నవారి దేహం దానిపై సున్నం పేరుస్తుంది. పదీ పన్నెండేళ్ళకు మళ్ళీ ఛాతీ తెరవాలి.

నాన్న లోహమన్నారు, ఒక్కసారితో పోతుందని. నాకు పిల్లలు కావాలి. వార్ఫరిన్ జాతి మందులు మాయను దాటి కడుపులోని బిడ్డకు చేరతాయి. తొలి నెలల్లో అవి బిడ్డకు హాని చేయగలవు. మానేసి హెపారిన్ సూదులకు మారితే తల్లి కవాటంపై గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. లోహపు కవాటంతోనూ బిడ్డను కన్నవారున్నారని డాక్టరుగారే చెప్పారు. ప్రమాదం ఎంతో కూడా చెప్పారు. ఆ పన్నెండేళ్ళ పాప, పందొమ్మిదేళ్ళ అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళ గృహిణి, వీరికి ఎంచుకునేందుకు రెండు కాగితాలు ఎవరూ ఇవ్వలేదు. నేను కణజాలం అని రాసి సంతకం పెట్టాను. నలభై నిండకుండానే మరోసారి ఆ బల్ల ఎక్కవలసి వస్తుందని తెలిసే పెట్టాను. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరేనమ్మా" అన్నారు.

రేపు పళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. చిగుళ్ళలోని క్రిములు రక్తంలో కలిసి కొత్త కవాటం మీద చేరతాయట. ఆపరేషన్‌కు ముందే పుచ్చిన పన్ను ఒకటి తీసేయించుకోవాలి.