వంటచెరకుంటేనే రొట్టెల రోజు

18, 19 శతాబ్దాల ఇంగ్లండ్ పల్లెల్లో కాస్త కలిగిన రైతు ఇళ్లలో రొట్టె వారానికి ఒకసారే కాలేది. ఇంటివాళ్లకూ, అక్కడే ఉండి తినే పాలేళ్లకూ వారమంతా సరిపోయేటన్ని ఆ ఒక్క రోజే కాల్చి దాచుకునేవారు. ఇలా ఒక రోజు పెట్టుకోవడానికి అసలు కారణం వంటచెరకు. ఇటుక ఓవెన్ ఒకసారి వేడెక్కాలంటే మోపులకొద్దీ కంప కాలిపోవాలి. రెండు రొట్టెల కోసం అంత కంప ఏ ఇల్లాలూ తగలబెట్టదు.

వంటింటి గోడలో గుమ్మటంలా కట్టిన గూడే ఈ ఓవెన్. దానికి వేరే పొగగొట్టం ఉండదు, కింద నిప్పు పెట్టే చోటూ ఉండదు. మంట గూట్లోనే వేస్తారు. పొగ దాని నోట్లోంచే వచ్చి పెద్దపొయ్యి చిమ్నీలోకి పోతుంది. డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాల్లో ఇటుకలకు బదులు మట్టితో చేసి కాల్చిన ‘క్లోమ్’ ఓవెన్లు వాడేవారు. ఉత్తర డెవన్ కుమ్మరులు చేసినవి ఓడలెక్కి అమెరికా దాకా వెళ్లాయి.

పని ముందు రాత్రే మొదలయ్యేది. చెక్కతొట్టిలో పిండి పోసి, నడుమ గుంట చేసి, బీరు పులిసేటప్పుడు పైకి తేలిన నురగను గోరువెచ్చని నీళ్లతో కలిపి అందులో పోసేవారు. ఆ రోజుల్లో ఈస్ట్ అంటే ఆ నురగే. అందుకే బీరు కాచే రోజుకీ రొట్టెల రోజుకీ లంకె ఉండేది. గుంట మీద పిండి చల్లి, గుడ్డ కప్పి ఉంచితే తెల్లారేసరికి లోపలిది పొంగి పైపిండి బీటలు వారేది.

పొద్దున్నే ఓవెన్‌లో మంట వేసేవారు. గోర్స్ అనే ముళ్లపొద కంప, కంచెలు నరికినప్పుడు వచ్చిన పుల్లలు, ఇలా భగ్గున మండేవే దీనికి పనికొస్తాయి. అవి కాలే గంటా రెండు గంటల్లో పిండి పిసకడం, నీళ్లు తోడి తేవడం సాగిపోయేవి. మొదట గుమ్మటం లోపలి ఇటుకలు మసిపట్టి నల్లబడతాయి. వేడి బాగా ఎక్కాక ఆ మసే కాలిపోయి ఇటుకలు తెల్లగా తేలతాయి. థర్మామీటర్ లేని ఇంట్లో అదే గుర్తు. అదీ చాలదనుకుంటే కాస్త పిండి లోపల చల్లేవారు. వెంటనే మాడితే వేడి ఎక్కువైనట్టు, ఎర్రగా వేగితే సరిపోయినట్టు. అప్పుడు నిప్పులూ బూడిదా బయటికి లాగి, కర్రకు కట్టిన తడిగుడ్డతో అడుగు తుడిచి, పొడుగు కాడ ఉన్న చెక్కపారతో ముద్దలను లోపలికి తోసేవారు. తలుపు చుట్టూ బంకమట్టి మెత్తితే ఇక ఆ పని ఓవెన్‌ది.

రొట్టెలు దిగాక మిగిలిన వేడినీ వదిలేవారు కాదు. ముందు మాంసం పైలు, కేకులు, ఆ తర్వాత తక్కువ వేడికి ఉడికే కస్టర్డులు, వేడి చల్లారే వేళకు ఎండబెట్టాల్సిన ఆపిల్ ముక్కలు. చిట్టచివర, వచ్చే వారపు పుల్లలు కూడా ఆ గూట్లోనే ఆరేవి. వారంలో మిగతా చాకిరీకీ ఇలాంటి లెక్కే ఉండేది. ఉతుకు సోమవారం, ఆదివారం మిగిలిన మాంసం ఆ పూట చల్లగానే తినేస్తే పొయ్యి మొత్తం బట్టల నీళ్లకు దొరుకుతుంది. మర్నాడు ఇస్త్రీ. రొట్టెల వంతు చాలా ఇళ్లలో వారం చివరన వచ్చేది.

కూలీల ఇళ్లలో ఈ లెక్క తలకిందులైంది. గోర్స్ కంప, పీట్ మట్టి, ఎండుపుల్లలు దొరికే ఊరుమ్మడి భూములకు కంచెలు పడ్డాయి. 1604 నుంచి 1914 దాకా ఇందుకోసం పార్లమెంటు 5,200కు పైగా చట్టాలు చేసింది. కట్టె కొనుక్కోవాల్సి వచ్చిన దక్షిణాది కూలీ బేకరు రొట్టెకు మళ్లాడు. ఓవెన్ లేని ఇళ్లవాళ్లు ఆదివారం మాంసాన్ని కూడా బేకరు దగ్గరికే పట్టుకెళ్లి, కొంత ఇచ్చి కాల్పించుకునేవారు. సర్ ఫ్రెడరిక్ మోర్టన్ ఈడెన్ 1797లో పేదల స్థితిగతులపై ప్రచురించిన గ్రంథంలో ఈ తేడాను స్పష్టంగా చూపాడు: వంటచెరకు చవకైన ఉత్తరాదిలో ఓట్స్ జావ, ఇంట కాల్చిన ఓట్స్ రొట్టె, దక్షిణాదిలో కొన్న తెల్ల రొట్టె, టీ. పాతికేళ్ల తర్వాత రచయిత విలియం కాబెట్ ‘కాటేజ్ ఎకానమీ’ పుస్తకంలో టీనీ బంగాళాదుంపనూ తిట్టిపోసి, రొట్టె చేయడం రాని ఆడవాళ్లను గట్టిగా మందలించాడు. ఈడెన్ చూపిన తేడాను చూస్తే ఆ మందలింపు న్యాయంగా తోచదు. కోతల తర్వాత పరిగ ఏరుకుని మరపట్టించుకున్న పిండి ఆ ఆడవాళ్ల ఇళ్లలో ఉండేది. ఓవెన్ నిండా మంట వేసే స్తోమతే లేదు.

ఉత్తరాదిని బొగ్గు నిలబెట్టింది. ఓవెన్ అమర్చిన ఇనుప పొయ్యికి థామస్ రాబిన్సన్ 1780లో పేటెంటు పొందాడు. తర్వాతి శతాబ్దంలో అలాంటివి మామూలు ఇళ్లకూ చేరాయి. నిప్పు ఒక పక్కనే ఉండటంతో రొట్టెను మధ్యమధ్యలో తిప్పకపోతే ఆ వైపు మాడేది. పైగా ఇనుము తుప్పు పట్టకుండా గ్రాఫైట్ పూసి తోమడం కొత్త చాకిరీ అయింది. అయినా పొయ్యి ఎలాగూ రోజంతా మండుతుంది కనుక రొట్టెకు వేరే ఖర్చు లేదు. గని కార్మికుల ఇళ్లకు బొగ్గు ఉచితంగానో చవకగానో అందే డరమ్, యార్క్‌షైర్‌లలో ఇంటి రొట్టె 20వ శతాబ్దంలోనూ నిలిచింది.

ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో తయారుచేసిన బేకింగ్ పౌడర్, బ్రిస్టల్ బేకరు హెన్రీ జోన్స్ 1845లో పేటెంటు పొందిన సెల్ఫ్ రైజింగ్ పిండి రాత్రంతా పులియబెట్టే అవసరాన్ని తీసేశాయి. అయితే వాటివల్ల సులువైనది కేకులు, స్కోన్లే. బేకరు బండి ఊళ్లోకి వచ్చే కొద్దీ రొట్టె దానికి పోయి, కేకు ఇంట్లో మిగిలింది. వేల్స్‌లోని లాన్‌వైర్‌పూల్‌లో 1915లో బ్రిటన్‌లో తొలిసారి మొదలైన మహిళా సంఘం విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ శాఖలు తర్వాత ఊరూరా పెట్టిన పోటీల్లోనూ జామ్‌లు, స్పాంజ్ కేకులదే పెద్దపీట.