వీపు వెనక వినిపించే సినిమా

1953 సెప్టెంబరు 16న న్యూయార్క్‌లోని రాక్సీ థియేటర్లో 'ది రోబ్' ప్రదర్శన మొదలైంది. సినిమాస్కోప్‌లో విడుదలైన తొలి చిత్రమది. ప్రచారమంతా కొత్త వెడల్పు తెర చుట్టూనే సాగింది. కానీ ఆ ప్రింటు మీద బొమ్మలకు అటూ ఇటూ నాలుగు మాగ్నెటిక్ పట్టీలు కూడా ఉన్నాయి. మూడు పట్టీల్లోని శబ్దం తెర వెనక ఎడమ, నడుమ, కుడి స్పీకర్లకు వెళ్లేది. మిగతా వాటికన్నా సన్నగా ఉండే నాలుగో పట్టీ, ప్రేక్షకుల పక్కనా వెనకా గోడలకు బిగించిన స్పీకర్ల కోసం. పట్టీ ఎంత సన్నగా ఉంటే టేపు బుస అంత పెరుగుతుంది. తెర మీద నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో ఆ బుస నేరుగా చెవి పక్కనే వినబడితే సినిమా చెడుతుంది. అందుకని ఇంజనీర్లు ఆ పట్టీలోనే 12 కిలోహెర్ట్జ్ సంకేతం ఒకటి కలిపారు. అది అందినంతసేపే గోడ స్పీకర్లు పలికేవి. అది ఆగగానే అవీ ఆగిపోయేవి.

అలా వెనక స్పీకరు పుడుతూనే నోటికి తాళం వేయించుకుంది. అది ఎప్పుడు పలకాలి, ఎంత పలకాలి, ఎక్కడ నిలబడాలి అన్న ప్రశ్నలకు ఆ తర్వాత ఒక్కో తరం ఒక్కో జవాబు చెప్పింది. ఇవాళ ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకుందామనుకునేవాళ్లకు దొరికే సలహాలు ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం ఇదే. చెవి కన్నా రెండడుగులు ఎత్తున పెట్టమని ఒకరంటారు, చెవి ఎత్తులోనే ఉండాలని మరొకరంటారు. పక్క గోడకు అని ఒకరు, వెనక గోడకు అని ఇంకొకరు. వీటిలో చాలా సలహాలు ఏదో ఒక కాలంలో సరైనవే. ఏ సలహా ఏ పరికరం కోసం పుట్టిందో తెలిస్తే చిక్కుముడి విడిపోతుంది.

ప్రేక్షకుల చుట్టూ శబ్దం నింపాలన్న కోరిక సినిమాస్కోప్ కన్నా పాతది. వాల్ట్ డిస్నీ 'ఫాంటేసియా' 1940 నవంబరు 13న న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే థియేటర్లో విడుదలైంది. లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ నడిపించిన సంగీతాన్ని తెర నుంచి హాల్లోకి కదిలించడానికి విలియం గారిటీ, జాన్ హాకిన్స్ అనే ఇంజనీర్లు ఫాంటాసౌండ్ అనే పద్ధతి తయారుచేశారు. బొమ్మ ఒక ఫిల్ము మీద, శబ్దం మరో ఫిల్ము మీద నడిచేవి. శబ్దపు ఫిల్ములో మూడు ట్రాకులకు తోడు, ఏ స్పీకరు ఎంత బిగ్గరగా పలకాలో చెప్పే నాలుగో ట్రాకు ఉండేది. ఒక్కో థియేటరుకు ఈ సరంజామా ఖర్చు సుమారు 85,000 డాలర్లు. యుద్ధం ముంచుకొచ్చి ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ రక్షణ అవసరాలకు మళ్లడంతో ఫాంటాసౌండ్ కొద్ది నగరాలు దాటి ముందుకు పోలేదు.

సినిమాస్కోప్‌నూ ఖర్చే వెనక్కి లాగింది. మాగ్నెటిక్ శబ్దానికి కొత్త యంత్రాలు పెట్టుకోవాల్సిందేనని ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ మొదట పట్టుబట్టింది. చిన్న ఊళ్ల థియేటర్ల యజమానులు ససేమిరా అన్నారు. 1954లో సంస్థ మెత్తబడి, మామూలు ఒంటి ట్రాకు ప్రింట్లు కూడా ఇవ్వసాగింది. దాంతో వెనక శబ్దం పెద్ద నగరాల పెద్ద హాళ్లకే పరిమితమైంది. 1955లో 'ఓక్లహోమా!'తో వచ్చిన టాడ్-ఏఓ 70 ఎంఎం పద్ధతిలో ఆరు ట్రాకులుంటే, అయిదు తెర వెనకకే పోయాయి. హాలు మొత్తానికీ మిగిలింది ఒక్కటే.

తెలుగు ప్రేక్షకులకు ఆ ఆరు ట్రాకుల రుచి తమ భాషలో 1986 మార్చిలో తెలిసింది. కృష్ణ తీసిన 'సింహాసనం' తెలుగులో తొలి 70 ఎంఎం, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ చిత్రం. గుర్రపు డెక్కల చప్పుడు తెర ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తడం, పక్క గోడల నుంచి కూడా శబ్దం రావడం తెలుగు సినిమాలో అదే మొదలు. హైదరాబాద్‌లో సంధ్య, సుదర్శన్, దేవి, రామకృష్ణ థియేటర్ల పేర్ల పక్కన '70 ఎంఎం' ఇంటిపేరులా స్థిరపడిపోయిందంటే, ఆ కొలతకు జనంలో ఎంత గౌరవం ఉండేదో ఊహించవచ్చు.

ఇంట్లో వెనక స్పీకరు కథ మాత్రం సంగీతంతో మొదలైంది. 1970ల తొలి సంవత్సరాల్లో నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు పెట్టించే క్వాడ్రాఫోనిక్ రికార్డులు బజారులోకి వచ్చాయి. సీబీఎస్ వారి ఎస్‌క్యూ, శాన్‌సుయి వారి క్యూఎస్, జేవీసీ వారి సీడీ-4 పద్ధతులు మూడూ మూడు దారులు. ఒకదాని కోసం చేసిన రికార్డు ఇంకొకదాని పరికరం మీద సరిగా పలికేది కాదు. దశాబ్దం ముగిసేలోపే ఆ వ్యాపారం మూతపడింది.

అదే కాలంలో అమెరికాలో డేవిడ్ హాఫ్లర్ ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం ఒకటి మాత్రం బతికింది. మామూలు స్టీరియో యాంప్లిఫయరుకు ఉన్న ఎడమ, కుడి ప్లస్ కొనల మధ్య ఒక స్పీకరు కలిపి గది వెనక పెట్టడం, అంతే. ఖర్చు వైరుదే. రెండు ఛానళ్లలో సమానంగా ఉన్న గొంతు ఆ స్పీకర్లో రద్దయిపోతుంది. రెంటికీ మధ్య తేడాగా ఉన్నది, అంటే సభామందిరంలోని ప్రతిధ్వని, చప్పట్లు, గాలి, అవి మాత్రమే వెనక నుంచి వినబడతాయి. తర్వాతి ఇరవై ఏళ్ల హోమ్ థియేటర్ ఈ తీసివేత లెక్క మీదే నడిచింది.

దాన్ని సినిమాకు పనికొచ్చేలా మలిచింది డాల్బీ ల్యాబొరేటరీస్. సంస్థాపకుడు రే డాల్బీ 1963 నుంచి 1965 దాకా ఐక్యరాజ్యసమితి తరఫు సాంకేతిక సలహాదారుగా భారతదేశంలోనే, చండీగఢ్‌లోని కేంద్రీయ శాస్త్ర పరికరాల సంస్థలో పనిచేశాడు. అక్కడి నుంచి లండన్ వెళ్లి సొంత సంస్థ పెట్టి, టేపు బుసను అణిచే పద్ధతితో పేరు తెచ్చుకున్నాడు. 1970ల నడుమ ఆయన బృందం సాధారణ 35 ఎంఎం ప్రింటు అంచున ఉండే సన్నటి ఆప్టికల్ ట్రాకు చోటులోనే రెండు ట్రాకులు పట్టించి, వాటిలో నాలుగు ఛానళ్లు దాచింది. మధ్య నుంచి రావాల్సిన మాటలు రెండు ట్రాకుల్లో ఒకేలా ఉంటాయి. వెనక శబ్దం రెంటిలోనూ ఎదురు దశలో ఉంటుంది, అంటే ఒకదాంట్లో అల పైకి లేస్తే మరోదాంట్లో కిందికి దిగుతుంది. ఒకదాంట్లోంచి మరోదాన్ని తీసేస్తే మాట పోయి వెనక శబ్దం తేలుతుంది. 1977లో 'స్టార్ వార్స్' ఈ పద్ధతిలో వచ్చాక థియేటర్లు గోడలకు మళ్లీ స్పీకర్లు బిగించుకున్నాయి.

అయితే లెక్క కాగితం మీద కుదిరినంత కచ్చితంగా ప్రొజెక్టరులో కుదరదు. ట్రాకులు రవ్వంత అటూ ఇటూ అయినా ముందు వినబడాల్సిన 'స', 'ష' శబ్దాలు వెనక్కి కారిపోతాయి. అందుకే వెనక ఛానల్లో 7 కిలోహెర్ట్జ్‌కు పైనున్న శబ్దాన్ని కత్తిరించారు. ఇంకో జాగ్రత్తగా దాన్ని కొద్దిగా ఆలస్యం చేశారు. ఈ ఆలస్యం వెనక జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లో తేల్చిన సంగతి ఉంది. ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వస్తే, రెండోది కాస్త బిగ్గరగా ఉన్నా చెవి మొదట అందిన దిక్కునే నమ్ముతుంది. కాబట్టి వెనక్కి కారిన మాట తెర నుంచి వచ్చిన మాట తర్వాత చేరితే చాలు, ఎవరూ తల తిప్పరు.

డాల్బీ సరౌండ్ 1982లో ఇంటికొచ్చింది, ప్రోలాజిక్ 1987లో. వీడియో క్యాసెట్ల స్టీరియో ట్రాకుల్లో అప్పటికే దాగున్న వెనక శబ్దాన్ని ఇవి బయటికి తీశాయి. గదిలో వెనక రెండు స్పీకర్లున్నా రెండూ పలికేది ఒకటే శబ్దం, అదీ పై స్వరాలు కత్తిరించినది. ఒకే శబ్దం రెండు వైపుల నుంచి చెవులకు సూటిగా తగిలితే అది నడినెత్తిలోనో మెడ వెనకో ముద్దగా నిలబడినట్టుంటుంది. దాన్ని చెదరగొట్టాలి. 'చెవి కన్నా రెండు మూడడుగుల ఎత్తున, పక్క గోడలకు పెట్టండి' అన్న సలహా పుట్టింది ఇక్కడే. లూకాస్‌ఫిల్మ్‌లో టామ్లిన్సన్ హోల్మన్ రూపొందించిన టీహెచ్ఎక్స్ ప్రమాణాలు ఇళ్లకు వచ్చినప్పుడు ఇదే ఆలోచనను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాయి. అవి కోరిన డైపోల్ స్పీకర్లో ఒక ముఖం గది ముందుకు, మరోటి వెనక్కి, ఒకదానికొకటి ఎదురు దశలో పలుకుతాయి. వినేవాడి వైపు దాదాపు శూన్యం. అతని చెవికి చేరేదంతా గోడలకు తగిలి తిరిగొచ్చిన శబ్దమే. ఒక పక్క హాలు, డైనింగు కలిసిపోయి గోడే లేని మన ఫ్లాట్లలో డైపోల్ ఒక వైపు పనిచేసి రెండో వైపు చేతులెత్తేస్తుంది.

1979లోనే 'అపోకలిప్స్ నౌ' 70 ఎంఎం ప్రింట్లలో శబ్ద రూపకర్త వాల్టర్ మర్చ్ బృందం వెనక ఎడమకూ వెనక కుడికీ వేర్వేరు శబ్దాలు ఇచ్చి, హెలికాప్టరును ప్రేక్షకుల చుట్టూ తిప్పింది. ఆ సౌకర్యం మామూలు థియేటర్లకు రావడానికి డిజిటల్ యుగం కావాల్సొచ్చింది. 1992లో 'బాట్‌మన్ రిటర్న్స్' డాల్బీ డిజిటల్‌తో, 1993లో 'జురాసిక్ పార్క్' డీటీఎస్‌తో వచ్చాయి. 1996 చివర జపాన్‌లో మొదలైన డీవీడీ అదే 5.1 శబ్దాన్ని, అంటే ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు పలికే శబ్దాన్ని, ఇంటికి చేర్చింది. ఇప్పుడు వెనక రెండు స్పీకర్లవీ వేర్వేరు గొంతులు. పై స్వరాలకు కత్తిరింపు లేదు.

మరి ఎక్కడ పెట్టాలి? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1992 నాటి బీఎస్.775 సిఫార్సులో కోణం చెప్పింది. తెర మధ్యను సున్నా అనుకుంటే ముందు జత 30 డిగ్రీల దగ్గర, వెనక జత 100 నుంచి 120 డిగ్రీల మధ్య. అంటే భుజానికి కాస్త వెనగ్గా. పేరుకు వెనక స్పీకర్లే గానీ వీటి చోటు దాదాపు పక్కనే. మరీ వెనక్కి జరిపితే చుట్టూ శబ్దం నిండిన భావన పలచబడుతుంది. మరీ ముందుకు తెస్తే వెనక నుంచి వచ్చేదేదీ ఉండదు. దీనికి తోడు మన చెవికి ఒక బలహీనత ఉంది. ముందు 30 డిగ్రీల దగ్గరి శబ్దమూ వెనక 150 డిగ్రీల దగ్గరిదీ రెండు చెవులకూ దాదాపు ఒకే కాల వ్యత్యాసంతో చేరతాయి. ముందూ వెనకా తేల్చుకోవడానికి చెవి డొప్ప ఆకారం, తల కదలిక సాయపడాలి.

ఖాళీగా ఉన్న నడి వెనక చోటు కోసం 1999లో శబ్ద రూపకర్త గారీ రిడ్‌స్ట్రామ్, డాల్బీ ఇంజనీర్లతో కలిసి సరౌండ్ ఈఎక్స్ తెచ్చాడు. 'స్టార్ వార్స్: ద ఫాంటమ్ మెనాస్' దాని తొలి చిత్రం. మూడో వెనక ఛానల్‌ను ఉన్న రెండింటిలో దాచడానికి వాడింది మళ్లీ ఆ పాత తీసివేత లెక్కే. 2010లో 'టాయ్ స్టోరీ 3' థియేటర్లకు దాచుడు లేని 7.1 ఇచ్చింది. ఇంట్లో 7.1 అంటే పక్క జత 90 నుంచి 110 డిగ్రీల మధ్య, వెనక జత 135 నుంచి 150 మధ్య. అందుకు సోఫా వెనక కొన్ని అడుగుల జాగా ఉండాలి. సోఫా గోడకు ఆనుకుని ఉన్న గదిలో రెండో జత కొనడం డబ్బు వృథా. అదే డబ్బుతో 5.1 స్పీకర్లను మెరుగైనవి తెచ్చుకోవచ్చు.

ఎత్తు లెక్క 2012లో తిరగబడింది. ఆ ఏడు 'బ్రేవ్' చిత్రంతో డాల్బీ అట్మాస్ వచ్చి పైకప్పుకు స్పీకర్లు బిగించింది. రెండేళ్లకు ఇళ్లకూ చేరింది. తల మీది వాన తల మీదే వినబడాలంటే చుట్టూ ఉన్న స్పీకర్లు కిందే ఉండాలి. అవీ ఎత్తున వేలాడితే రెండు వరుసల తేడా చెరిగిపోతుంది. అందుకే అట్మాస్ సూచనల్లో చుట్టూ ఉన్న స్పీకర్లు చెవి ఎత్తుకు దిగాయి. ప్రోలాజిక్ రోజుల్లో గోడకు మేకులు కొట్టించుకున్నవాళ్లు పైకప్పు స్పీకర్లు కొంటే, ముందు పాత జతను కిందికి దించాలి. ఒక సోఫాలో ముగ్గురు కూర్చునే ఇంట్లో మాత్రం పక్కవాళ్ల తల అడ్డు రాకుండా అర అడుగు పైన పెట్టుకోవడం మేలు.

ఎంపికలోనూ ఇదే మార్పు కనబడుతుంది. కత్తిరించిన శబ్దం వచ్చే రోజుల్లో వెనకకు ఏదో ఒక చిన్న పెట్టె సరిపోయేది. ఇప్పుడు ముందు నుంచి వెనక్కి దూసుకుపోయే మోటారు సైకిలు దారిలో గొంతు మార్చకూడదు గనుక, ముందు స్పీకర్ల సిరీస్‌లోనే తీసుకోవడం మంచిది. పెద్దవి అక్కర్లేదు. 80 హెర్ట్జ్ కిందిదంతా సబ్‌వూఫరుకు పంపే టీహెచ్ఎక్స్ పద్ధతిని, స్పీకర్లన్నిటినీ నడిపించే నేటి రిసీవర్లన్నీ అనుసరించగలవు. బిగించాక టేపుతో దూరాలు కొలిచి రిసీవరుకు చెప్పాలి. శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు నడుస్తుంది. ముందు స్పీకరు 3 మీటర్ల దూరంలో, వెనకది 1.2 మీటర్లలో ఉంటే తేడా సుమారు 5 మిల్లీసెకన్లు. దగ్గరిదాన్ని రిసీవరు అంతసేపు ఆపుతుంది. తర్వాత టెస్ట్ టోన్ పెట్టి, కూర్చునే చోట సౌండ్ మీటరు ఉంచి, అన్ని స్పీకర్లనూ ఒకే డెసిబెల్‌కు తేవాలి. వెనకవి దగ్గరగా ఉంటాయి గనుక చాలా ఇళ్లలో వాటినే తగ్గించాల్సి వస్తుంది.