చెరువుగట్టు – దాని క్రిందియూరు



బొబ్బిలి యనగానే 1757 జనవరి 24వ తేదీనాటి యుద్ధము మనకు స్మృతికి వచ్చును. నేడు నేను విన్నవింపబోవునది కోటగోడల కథ గాదు, చెరువుగట్టుల కథ.

తటాకనిర్మాణమును మన పూర్వులు సప్తసంతానములలో చేర్చిరి. కట్టించుటతోనే పని ముగియదనియు వారెరుగుదురు. కడపసీమలో, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల శాసనమును చూడుడు. వేయిమంది కూలీలు రెండేండ్లు శ్రమించి చెరువు కట్టిరని చెప్పి, తటాకమునకు పండ్రెండంగములను, ఆరు దోషములను అది పేర్కొన్నది. గట్టునుండి నీరూరుట ఆ దోషములలో నొకటి. కావున చెరువుల గుణదోషవిచారము మనకు క్రొత్త కాదు.

మన సీమలో 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయము పిమ్మట ఊరిచెరువు జమీందారీలోనిది. శిస్తు గొన్నవారే గట్టు బాగుచేయింపవలెను. వారు చేయనినాడు రైతులు కలెక్టరునకు అర్జీ పెట్టుకొనుటకు 1908 నాటి ఎస్టేటు భూముల చట్టము మార్గము చూపెను. 1948 నాటి రద్దుచట్టముతో ఎస్టేటు చెరువులు ప్రభుత్వవశమైనవి. నేడు సొంత పొలములో చేపలకో తోటకో గట్టు పోసికొనువారును గలరు. ఆ గట్టునకు యజమానుడే దిక్కు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన కట్టలకును, 10 మొదలు 15 మీటర్ల వరకు గలవానిలో కొన్నింటికిని మాత్రమే వర్తించును. మన చిన్నగట్టులా కొలత కందవు. అయినను ఆ చట్టము చెప్పిన వర్గీకరణసూత్రము మనకు గ్రాహ్యము. ప్రశ్నలు రెండే: గట్టు ఎంత దుర్బలము? తెగినచో దిగువ నేమున్నది? బీటిభూమి మీది యిరువది యడుగుల గట్టుకంటె, బడిపిల్లల నెత్తిమీది యారడుగుల గట్టే ప్రమాదకరము. నేను పాఠము చెప్పిన బడి యొకటి గట్టు దిగువనే యుండెను. తుపాను రాత్రి మదుము తీయువాడెవడో ఊరిలో నెవరికిని తెలియకుండెను. ఆ రాత్రి గట్టు నిలిచినది దైవికముగానే.

అన్నిచోట్ల దైవము కావడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ధనికుల విహారసంఘమొకటి మట్టిగట్టుతో సొంత చెరువు నేలుకొనుచుండెను. చేపలు పోకుండ కళింగునకు జల్లెడలు కట్టిరి. బండ్లు నడచుటకై గట్టుతల తగ్గించిరి. 1889 మే 31న అతివృష్టికి నీరు గట్టుమీద పొర్లి, గట్టు తెగి, దిగువనున్న జాన్స్‌టౌను పట్టణమును ముంచెను. 2,200 మందికి పైగా మడిసిరి. మీద పొర్లు నీటిని మట్టిగట్టు ఓర్వదు. చేపలకై కళింగున తడికలు కట్టుట మన యూళ్లలోను గలదు గదా!

పెద్దలారా! మృగశిర కార్తెకు ముందే మీ యూరి గట్టు మీద నొకసారి నడువుడు. ఎలుకబొరియలు, ఎండ్రిబొక్కలు, వేళ్లు పాతుకొన్న చెట్లు చూడుడు. ఊటనీరు తేటగానున్న కనిపెట్టుచుండుడు. బురదగా వచ్చినచో గట్టులోని మన్ను కరగిపోవుచున్నదని యెరిగి, వెంటనే అధికారులకు తెలుపుడు. కళింగునకు అడ్డములు తీయింపుడు. తుపాను రాత్రి మదుముకడ నుండవలసినవాని పేరు ముందే నిర్ణయింపుడు.

చెరువు ఎవరిదైనను కావచ్చును. దాని క్రిందియూరు మనది.

సెలవు.